డెడ్, ఆల్‌మన్, ఫిష్: పాత జామ్ కచేరీలు. ఏ రాత్రి, ఏ టేపు, ఎందుకు?

గోదారిగట్టు:
గ్రేట్‌ఫుల్ డెడ్ అనే అమెరికా రాక్ బ్యాండ్ వాళ్లు (పొట్టిగా డెడ్) 1965 నుంచి 1995 దాకా దాదాపు 2,300 కచేరీలు చేశారు. పాట మధ్యలో అప్పటికప్పుడు కల్పించుకుంటూ సాగదీసే వాయింపే జామ్. చాలా కచేరీలకి ఏదో ఒక రికార్డింగ్ ఉంది. ఒక్కో కచేరీకి ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఐదారు రకాల టేపులు కనిపిస్తాయి. కొత్తవాళ్లు అక్కడే బెదిరిపోతారు. "టాప్ 10" జాబితాలు నెట్ నిండా ఉన్నాయి, ఇక్కడ అవి వద్దు. రాత్రి పేరు చెప్పండి, ఆ రాత్రి ఏ పాట ఎక్కడ మలుపు తిరిగిందో చెప్పండి, ఏ రికార్డింగ్ వినాలో, ఎందుకో చెప్పండి. ఇలాగే జామ్ చేసే ఆల్‌మన్ బ్రదర్స్, ఫిష్ బ్యాండ్లు కూడా నడుస్తాయి.

ముందుగా ఒక్క మాట: తేదీలన్నీ అమెరికా పద్ధతిలో, నెల ముందు. 5/8/77 అంటే మే 8. ఆగస్టు 5 కచేరీ దొరకట్లేదని అడిగేవాళ్లు ప్రతి చర్చా దారంలోనూ (థ్రెడ్) ఒకరుంటారు. పాటల మధ్య > గుర్తుంటే ఆపకుండా ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లారని.

సెట్‌లిస్టు_శాస్త్రి:
అయితే తప్పదు, 5/8/77తోనే మొదలెడదాం. న్యూయార్క్ రాష్ట్రం ఇథాకాలో కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్. అందరూ చెబుతారు కాబట్టి విసుగే, కానీ రెండో సెట్ (విరామం తర్వాతి సగం) నిజంగానే గట్టిది.

వరస ఇది: స్కార్లెట్ బిగోనియాస్ > ఫైర్ ఆన్ ద మౌంటెన్, ఎస్టిమేటెడ్ ప్రాఫెట్, సెయింట్ స్టీఫెన్ > నాట్ ఫేడ్ అవే > సెయింట్ స్టీఫెన్ > మార్నింగ్ డ్యూ. స్కార్లెట్-ఫైర్ జంటను మొదటిసారి వాయించింది 1977 మార్చి 18న శాన్‌ఫ్రాన్సిస్కో వింటర్‌ల్యాండ్ హాల్లో. అంటే కార్నెల్ నాటికి ఆ జంటకి రెండు నెలలు కూడా నిండలేదు. ఎలా దాటాలో ఇంకా వెతుక్కుంటున్నారు, అందుకే వినసొంపు. తర్వాతి ఏళ్లలో ఆ దాటడం అలవాటైపోయింది.

వినాల్సిన చోటు: స్కార్లెట్‌లో మాటలు అయిపోయాక. శ్రుతి 'బి' మీద నిలబడుతుంది. ఫైర్ మొత్తం రెండే కార్డులు (కలిపి మోగించే స్వరాల గుంపులు), బి, ఏ. ఫిల్ లెష్ బేస్ ఆ ఊగును ఎప్పుడు పట్టుకుంటుందో, డ్రమ్మర్లిద్దరూ ఎప్పుడు దాని మీదికి ఒరుగుతారో గమనించండి. గిటార్‌ను కాసేపు వదిలేసి బేస్ ఒక్కటే వింటే మలుపు చాలాముందే తెలిసిపోతుంది.

మార్నింగ్ డ్యూ చివర్లో గిటారిస్టు జెర్రీ గార్సియా కార్డులు చకచకా మీటుతూ పైకి లేపే భాగానికే ఈ రాత్రికి అంత పేరొచ్చింది. ఆ ఊళ్లోనే వరసగా ఉన్న 5/7 బోస్టన్, 5/9 బఫలో కూడా తీసిపారేసేవి కావు. బఫలోలో మొదట్లోనే వచ్చే హెల్ప్ ఆన్ ద వే > స్లిప్‌నాట్ > ఫ్రాంక్లిన్స్ టవర్ నాకు కార్నెల్ స్కార్లెట్ కంటే ఒక మెట్టు పైనే.

వోల్టుమీటరు:
"ఆ ఊళ్లోనే" ఏంటి శాస్త్రిగారూ, బోస్టన్‌కీ బఫలోకీ మధ్య అమెరికా పటంలో జానెడు దూరం ఉంది 🙂 ఆ వారంలోనే అనండి.

సెట్‌లిస్టు_శాస్త్రి:
వారంలోనే. సరే.

ఒక్కడేడ్రమ్మరు:
కార్నెల్ మంచిదే, కానీ జామ్ అంటే ఏంటో తెలియాలంటే 1972–74కే వెళ్లాలి. కారణం సింపుల్: ఇద్దరు డ్రమ్మర్లలో ఒకడైన మికీ హార్ట్ 1971 ఫిబ్రవరిలో బ్యాండ్ వదిలాడు, 1974 అక్టోబరు 20 దాకా తిరిగి రాలేదు. ఆ మూడున్నరేళ్లూ డ్రమ్స్ మీద బిల్ క్రూట్స్‌మన్ ఒక్కడే. ఇద్దరు డ్రమ్మర్లుంటే బండి బరువుగా, నిలకడగా నడుస్తుంది, కానీ ఒక్క క్షణంలో లయ మార్చడం కష్టం. ఇద్దరూ ఒకేసారి ఒప్పుకోవాలి కదా. ఒక్కడుంటే గార్సియా ఇలా తల తిప్పగానే అలా మారిపోతుంది.

దానికి సాక్ష్యం 8/27/72. ఒరెగాన్‌లో వెనీటా. రచయిత కెన్ కీసీ కుటుంబానికి చెందిన స్ప్రింగ్‌ఫీల్డ్ క్రీమరీ అనే పాలడెయిరీ కష్టాల్లో ఉంటే దానికోసం చేసిన కచేరీ. ఆరోజు ఎండ 100 ఫారెన్‌హీట్ దాటింది, అంటే మన లెక్కలో 38 పైమాట. ఆ వేడికి తీగలు సాగి గిటార్లు శ్రుతి తప్పుతుంటాయి, పాటకీ పాటకీ మధ్య సర్దుకుంటున్న చప్పుడు టేపులో వినిపిస్తుంది. ముందు ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్ వినండి. తర్వాత అరగంట దాటిన డార్క్ స్టార్. అది విడిపోయి విడిపోయి, లయ అన్నదే లేని చోటికి పోయి, అక్కణ్నుంచి తిన్నగా ఎల్ పాసో అనే కౌబాయ్ పాటలో పడుతుంది. వినేవాడికి కాళ్ల కింద నేల ఒక్కసారి తగిలినట్టుంటుంది. 2013లో ఈ కచేరీ సినిమాతో సహా అధికారికంగా వచ్చింది, కాబట్టి టేపుల గొడవ లేదు.

పొడవే కావాలంటే 5/21/74 సియాటిల్‌లో ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్ 46 నిమిషాలు. కొత్తవాళ్లకి ఇది మొదటి రోజే పెట్టకండి, పారిపోతారు.

గోదారిగట్టు:
కర్ణాటక సంగీతం విన్న చెవికి ఇవి ఎలా పట్టుకోవాలో మిశ్రచాపు గారు రాస్తే బాగుంటుంది.

మిశ్రచాపు:
లెక్కతో మొదలెడితే తేలిక. మొదట్లో చాలామంది నాలుగు నాలుగు అనుకుని తాళం వేసి తప్పిపోతారు.

ప్లేయింగ్ ఇన్ ద బ్యాండ్ ముఖ్యమైన పల్లవి ముక్క పది. ఎస్టిమేటెడ్ ప్రాఫెట్ ఏడు. నడక నెమ్మది కాబట్టి రెండు ఏడులు కలిపి పద్నాలుగు వేసుకుంటే చెయ్యి తడబడదు. ఐస్ ఆఫ్ ద వరల్డ్ పాటకి 1973, 74లో చివర ఒక ఏడు లెక్క జామ్ ఉండేది. ద ఇలెవెన్ పేరులోనే పదకొండు. మన సంకీర్ణజాతి రూపకం కూడా పదకొండే, కానీ అది 2+9. వీళ్లది మూడు మూడ్లు, ఒక రెండు: 3+3+3+2. కాబట్టి రూపకం వేస్తే కుదరదు. చేత్తో తకిట తకిట తకిట తక అని వేయండి, సరిపోతుంది. తమాషా ఏంటంటే ఆల్‌మన్ బ్రదర్స్ విప్పింగ్ పోస్ట్ ఎత్తుగడ కూడా ఇదే 3+3+3+2. రెండు బ్యాండ్లు, దేశానికి రెండు కొసలు, లెక్క ఒకటే.

స్వరాల సంగతి. డార్క్ స్టార్ 'ఏ' శ్రుతిలో హరికాంభోజి స్వరస్థానాలు. ఫైర్ ఆన్ ద మౌంటెన్ 'బి' శ్రుతిలో అదే హరికాంభోజి. ఆల్‌మన్ వాళ్ల ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్ 'ఏ'లో ఖరహరప్రియ. స్వరస్థానాలు మాత్రమే సుమా. గమకం లేదు, వాదిసంవాది పట్టింపు లేదు, రాగం అనకండి. కానీ హార్మోనియం మీద ఆ సప్తకం నొక్కిపట్టుకుని వింటే ఎవరు ఎప్పుడు గీత దాటుతున్నారో దొరికిపోతుంది. 1972 డార్క్ స్టార్‌లలో ఎక్కువ మజా ఆ దాటడంలోనే ఉంది.

పెద్ద తేడా తిరిగి రావడంలో. మనకి తని ఆవర్తనం (మృదంగం ఒంటరి వాయింపు) తర్వాత కోర్వై (ముగింపు జతుల వరస) లెక్కకట్టి ఎడుపుకి (పాట ఎత్తుకునే చోటికి) దించుతాం, సభ అంతా చేత్తో వేస్తూ ఎదురుచూస్తుంది. వీళ్లకి ఆ లెక్క లేదు. ఎవరో ఒకరు పల్లవి తునక ఒకటి విసురుతారు, మిగతావాళ్లు పట్టుకుంటే పాట తిరిగొస్తుంది. పట్టుకోకపోతే ఇంకో ఐదు నిమిషాలు. ఆ విసిరిన తునక ఎవరూ అందుకోని సందర్భాలు వెతికి వినండి. బ్యాండ్ ఎలా ఆలోచిస్తుందో అక్కడే తెలుస్తుంది.

మన వైపు తీగ కూడా ఉంది, కల్పించినది కాదు. మికీ హార్ట్ 1967లో తబలా విద్వాంసుడు అల్లారఖాని కలిశాడు. ఆయన కొడుకు జాకిర్ హుస్సేన్‌తో కలిసి చేసిన డిగా రిథమ్ బ్యాండ్ రికార్డు 1976లో వచ్చింది. అందులో హ్యాపీనెస్ ఈజ్ డ్రమ్మింగ్ అనే వాద్య ముక్క ఉంది, గార్సియా గిటార్‌తో. శాస్త్రిగారు పైన చెప్పిన ఫైర్ ఆన్ ద మౌంటెన్‌కి అదే విత్తనం. హార్ట్ 1991 రికార్డు ప్లానెట్ డ్రమ్‌లో జాకిర్‌తో పాటు ఘటం విక్కు వినాయక్‌రామ్ కూడా ఉన్నారు. ప్రపంచ సంగీతం విభాగంలో ఇచ్చిన మొట్టమొదటి గ్రామీ దానికే.

స్లైడుసీసా:
విప్పింగ్ పోస్ట్ పేరెత్తారు కాబట్టి. ఆల్‌మన్ వాళ్ల కచేరీ రికార్డు ఎట్ ఫిల్మోర్ ఈస్ట్, 1971 మార్చి 12, 13, న్యూయార్క్. నిర్మాత టామ్ డౌడ్. రికార్డు జులైలో వచ్చింది, గిటారిస్టు డ్యూయేన్ ఆల్‌మన్ అక్టోబరు 29న మేకన్‌లో మోటర్‌సైకిల్ ప్రమాదంలో పోయాడు. బేస్ వాయించిన బెరీ ఓక్లీ కూడా 1972 నవంబరులో అదే ఊళ్లో, మోటర్‌సైకిల్ మీదే. ఆ ఇద్దరితో ఈ బ్యాండ్ ఎలా ఉండేదో చెప్పడానికి ఇంతకంటే మంచి టేపు లేదు.

23 నిమిషాల విప్పింగ్ పోస్ట్‌లో మొదటి బేస్ గీత ఓక్లీదే. పదకొండు లెక్క ఎత్తుగడకి, పాట మొదలవగానే 12/8కి మారుతుంది. తాళం వేసేవాళ్లు అక్కడ ఒక దెబ్బ కలపాలి. గిటార్లు విడదీసి వినాలంటే స్టీరియోలో ఒకరు ఒక చెవిలో, ఇంకొకరు ఇంకో చెవిలో ఉంటారు, హెడ్‌ఫోన్ తప్పనిసరి.

డ్యూయేన్ స్లైడ్ (వేలికి సీసా తొడిగి తీగల మీద జార్చే పద్ధతి) నేర్చుకునేవాళ్లకి: కోరిసిడిన్ మందు సీసా, గాజుది, ఉంగరపు వేలికి. స్టేట్స్‌బరో బ్లూస్ ఓపెన్ 'ఈ' శ్రుతి, లావు తీగ నుంచి సన్న తీగకి ఈ, బి, ఈ, జి షార్ప్, బి, ఈ. మూడు తీగలు పైకి బిగించాలి, కాబట్టి లావు తీగల సెట్ వేస్తే మెడ మీద లాగుడు పెరుగుతుంది. 010 అనే సన్న తీగల సెట్ చాలు. సీసాని రెండు ఫ్రెట్ల (మెడ మీది మెట్ల) మధ్యలో పెడితే స్వరం దిగిపోతుంది, సరిగ్గా ఫ్రెట్ కడ్డీ నెత్తి మీద ఉండాలి. సీసా వెనక వేళ్లు తీగలకి మెత్తగా ఆనించకపోతే కీచుమని రొద.

ఒక్కడేడ్రమ్మరు:
నా సిద్ధాంతానికి ఈ రికార్డు అడ్డం. బుచ్ ట్రక్స్, జైమో, ఇద్దరు డ్రమ్మర్లూ ఉన్నారు, అయినా ఎంత చురుగ్గా తిరుగుతుందో.

స్లైడుసీసా:
ఒకడు బండి తోలుతాడు, ఇంకొకడు జాజ్ పద్ధతిలో పక్కనుంచి మాట్లాడతాడు. ఇద్దరూ ఒకే పని చేయరు.

కొత్తచెవి:
ఒక డౌట్. ఆర్కైవ్‌లో ఎస్‌బీడీ, ఏయూడీ, మ్యాట్రిక్స్ అని ఉంటాయి కదా. ఎప్పుడూ ఎస్‌బీడీయే తీసుకోవాలా? పైగా డౌన్‌లోడ్ బటనే లేదు.

టేపులమారి:
ఎస్‌బీడీ సౌండ్‌బోర్డు (వేదిక మైకులన్నీ కలిసే మిక్సింగ్ బల్ల) నుంచి, ఏయూడీ జనంలో పెట్టిన మైకుల నుంచి, మ్యాట్రిక్స్ రెండూ కలిపి. 2005 చివర్నుంచి డెడ్ సౌండ్‌బోర్డులు ఆర్కైవ్‌లో వినడానికే, దించుకోవడానికి కాదు. ఏయూడీలు దించుకోవచ్చు.

ఎప్పుడూ ఎస్‌బీడీయే అంటే కాదు. హాలు చిన్నదైతే వేదిక మీద గిటార్ ఆంప్ మోతే జనానికి చాలు, బోర్డులో దాన్ని తగ్గించేస్తారు. అప్పుడు బోర్డు టేపులో గొంతు పెద్దగా, గిటార్ ఎక్కడో దూరంగా. అలాంటి చోట మంచి ఏయూడీ మేలు. 1977 టేపులు ఈ జబ్బు లేకుండా ఉండటానికి కారణం డెడ్ రికార్డింగ్ ఇంజనీరు బెటీ కాంటర్-జాక్సన్: ఆమె చేసింది హాలు స్పీకర్లకి పోయే మిక్స్ కాదు, రికార్డింగ్ కోసం విడిగా చేసిన మిక్స్. ఆ టేపులు అద్దె గోదాములో ఉండిపోయి, బకాయి కట్టక 1986లో వేలానికి పోయాయి. కార్నెల్ జనంలోకి వచ్చింది ఆ దారినే. అధికారికంగా రావడానికి 2017 దాకా పట్టింది.

ఏయూడీల్లో 1984 అక్టోబరు తర్వాతవి నమ్మకంగా తీసుకోవచ్చు. బర్క్‌లీ కమ్యూనిటీ థియేటర్‌లో ఆ నెలలోనే టేపులు తీసేవాళ్లకి విడిగా సీట్లు కేటాయించడం మొదలెట్టారు, మైకు స్టాండ్లు బాహాటంగా ఎత్తుగా పెట్టుకోగలిగారు. అంతకుముందు టోపీల్లో, కోటుల్లో దాచినవే ఎక్కువ. బట్ట రాపిడి చప్పుడు వినిపిస్తే అదే.

పాత క్యాసెట్లు మీ దగ్గర ఉండి ఎక్కించుకోవాలంటే జాగ్రత్తలు:

డాల్బీ (టేపు రొద తగ్గించే మీట) ఆపేయండి. ఈ లోకంలో టేపులు దాదాపు అన్నీ డాల్బీ లేకుండా తీసినవే, డాల్బీ బి పెట్టి వింటే డ్రమ్స్ తాళాల (సింబల్స్) మెరుపు చచ్చిపోతుంది.

తర్వాత అజిమత్. టేపుని చదివే హెడ్డు వంపు రికార్డు చేసిన యంత్రానికీ మీ యంత్రానికీ తేడా ఉంటుంది. డెక్‌ని మోనోలో పెట్టి, హెడ్డు పక్క స్క్రూని వెంట్రుకవాసి తిప్పుతూ తాళాలు అన్నిటికంటే పదునుగా వినిపించే చోట ఆపండి. స్టీరియోలో వింటూ చేస్తే తేడా తెలియదు. మోనోలో రెండు చానళ్లు కలిసినప్పుడే పైస్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. క్యాసెట్ క్యాసెట్‌కీ మళ్లీ చేయాలి.

ఆ తర్వాత వేగం. అర్ధస్వరం తేడా అంటే వేగంలో దాదాపు 6 శాతం తప్పు, అందులో సగమంటే 3. చెవితో కంటే స్పెక్ట్రమ్‌లో (ఏ హెర్ట్జ్ దగ్గర ఎంత మోత ఉందో చూపే పటం) చూడటం మేలు: అమెరికా కరెంటు 60 హెర్ట్జ్, ఆ గుయ్‌మనే మోత చాలా టేపుల్లో అడుగున ఉంటుంది. అది 61.8 దగ్గర కనిపిస్తే టేపు 3 శాతం వేగంగా తిరుగుతోంది. ఇక్కడ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎక్కించేవాళ్లు చూసుకోవాల్సింది: మన కరెంటు 50 హెర్ట్జ్. 50 దగ్గర గీత ఉంటే అది మీ ఇంటి ఎర్తింగ్‌ది, టేపుది కాదు. దాన్ని చూసి వేగం దిద్దకండి. దిద్దేటప్పుడు రీశాంప్లింగ్‌తో వేగం, శ్రుతి రెండూ కలిపి మార్చాలి. నిడివి అలాగే ఉంచి శ్రుతి మాత్రం మార్చే ఎఫెక్ట్ వాడితే డ్రమ్స్ నలిగిపోతాయి.

వోల్టుమీటరు:
90 నిమిషాల క్యాసెట్ సంగతి చెప్పలేదు.

టేపులమారి:
అవును. 90 క్యాసెట్‌కి ఒక్కో వైపు 45, ఇంకాస్త మిగులు. రెండో సెట్ ఒక్క వైపులో పట్టదు. కాబట్టి టేపు తిప్పే చోట జామ్‌కి కోత పడుతుంది, సరిగ్గా మలుపులోనే. వేరే వాళ్లు తీసిన ఏయూడీతో ఆ ఖాళీ పూడ్చి అతికిస్తారు. నోట్స్‌లో ప్యాచ్ అని రాసి ఉంటే ఇదే. ఉన్నట్టుండి చప్పట్లు దగ్గరగా వినిపించి మళ్లీ దూరమవుతాయి.

కొత్తచెవి:
మ్యాట్రిక్స్ ఇంట్లో చేసుకోవచ్చా అన్నా? ఆడాసిటీ సాఫ్ట్‌వేర్ చాలా?

టేపులమారి:
చాలు తమ్ముడూ. బోర్డు టేపు ఆధారం, దాన్ని కదపకు. రెండింట్లోనూ మొదట్లో ఒక స్నేర్ డ్రమ్ దెబ్బ, చివర్లో ఒక స్నేర్ దెబ్బ పట్టుకుని మధ్య కాలం కొలువు. బోర్డులో 3,600 సెకన్లు, జనం టేపులో 3,601.08 వస్తే 0.03 శాతం తేడా. జనం టేపుని అంత కుదించు. తర్వాత మొదటి దెబ్బ దగ్గర రెండూ కలుపు. మైకు వేదికకి 25 మీటర్ల దూరంలో ఉంటే దాదాపు 73 మిల్లీసెకన్ల ఆలస్యం ఉంటుంది, అంత ముందుకి జరపాలి.

పాడయ్యేది ఎక్కడంటే: క్యాసెట్ వేగం ఒకేలా తప్పదు, ఊగుతుంది. రెండు చివర్లూ కుదిరినా మధ్యలో ప్రతిధ్వని వస్తుంది. పాటపాటకీ ముక్కలు చేసి, పొడుగు జామ్‌లో ప్రతి ఐదు నిమిషాలకీ మళ్లీ కలుపు. కొన్ని మిల్లీసెకన్ల తేడా మిగిలితే ప్రతిధ్వని వినపడదు కానీ శబ్దం డొల్లగా, రేకు డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. చివరగా ఒక ట్రాక్‌ని ఇన్వర్ట్ చేసి (తరంగం తలకిందులు చేసి) చూడు. ఇన్వర్ట్ చేశాక బేస్ పెరిగితే అలాగే ఉంచు, తగ్గితే వెనక్కి తిప్పు. కలిపే పాళ్లు: జనం టేపు పావు నుంచి మూడోవంతు, అంతకు మించితే హాలు గోల బోర్డుని మింగేస్తుంది.

వోల్టుమీటరు:
1974 టేపులు వినేవాళ్లకి గొంతులు పల్చగా ముక్కుతో పాడినట్టు ఎందుకుంటాయో చెప్పాలి. ఆ ఏడాది వాల్ ఆఫ్ సౌండ్, అంటే వేదిక మీద గోడలా పేర్చిన స్పీకర్లు. 1974 మార్చి 23, శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి కౌ ప్యాలెస్‌లో మొదలు. డెడ్ సౌండ్ మనిషి ఔస్లీ స్టాన్లీ ఆలోచన, సౌండ్ ఇంజనీరు డాన్ హీలీ, అలెంబిక్ కంపెనీ వాళ్ల చేతిపని. ఆరొందలకి పైగా స్పీకర్లు, 26,400 వాట్లు, మెకింటాష్ ఎంసీ2300 ఆంప్లిఫయర్లు, బరువు 75 టన్నులు, నాలుగు పెద్ద లారీలు, 21 మంది పనివాళ్లు.

అసలు కిటుకు: గోడ బ్యాండ్ వెనకే. జనానికీ వాయించేవాళ్లకీ అదే. విడిగా మానిటర్లు (వాయించేవాళ్లు తమని తాము వినడానికి పెట్టే స్పీకర్లు) లేవు. ఒక్కో వాద్యానికి ఒక్కో స్పీకర్ల వరస కాబట్టి గిటార్, గొంతు ఒకే కోన్‌లో కొట్టుకోవు. లెష్ బేస్‌లో ఒక్కో తీగకి విడి చానల్ కూడా పంపగలిగేవాళ్లు. కానీ స్పీకర్లు మైకు వెనక ఉంటే హోరెత్తి కూయాలి కదా? అందుకే ఒక్కొక్కరికీ రెండేసి మైకులు, 6 సెంటీమీటర్ల దూరంలో, ఒకదానికి ఫేజ్ తిరగేసి (తరంగం తలకిందులు చేసి). పైమైకులోనే పాడాలి. గోడ నుంచి వచ్చే మోత రెండింట్లోనూ సమానంగా పడి రద్దైపోతుంది, గొంతు ఒక్కదాంట్లోనే పడి మిగులుతుంది. పెదవి మైకుకి ఆనించి పాడినంతసేపే ఇది పనిచేస్తుంది. కాస్త వెనక్కి జరిగితే గొంతు రెండింట్లోనూ పడి, కిందిస్వరాలు ముందు రద్దవుతాయి. పల్చదనం అదే, టేపు లోపం కాదు, ఈక్వలైజర్‌తో పూర్తిగా పోదు.

వేదికలు రెండు సెట్లు, ఒకటి వాడుతుంటే ఇంకోటి ముందు ఊరికి వెళ్లేది. ఖర్చు మోయలేక అక్టోబరులో వింటర్‌ల్యాండ్ ఐదు రాత్రులతో ఆపేశారు, బ్యాండే ఏడాదిన్నర పైగా పర్యటనలు మానేసింది.

ఇంకో ధ్వని ముచ్చట: 7/28/73 వాట్కిన్స్ గ్లెన్. డెడ్, ఆల్‌మన్ బ్రదర్స్, ద బ్యాండ్ అనే పేరున్న మరో బ్యాండ్. జనం ఆరు లక్షల మంది అని అంచనా. వెనక వరసల స్పీకర్ స్తంభాలకి డిజిటల్ డిలే పెట్టారు. 61 మీటర్లకి శబ్దం దాదాపు 0.18 సెకను తీసుకుంటుంది, ఆ మేరకు ఆలస్యం చేయకపోతే వెనకున్నవాడికి ప్రతి దెబ్బా రెండుసార్లు. కానీ డెడ్ వినాలంటే ముందురోజు సౌండ్‌చెక్ జామ్ వినండి. అసలు రోజు కంటే అదే మేలు.

ఒక్కడేడ్రమ్మరు:
పేరు గొప్ప రాత్రులు చాలావరకు ఊరు దిబ్బే. వుడ్‌స్టాక్ సంగీతోత్సవం 1969: వేదిక తడిసి, ఎర్తింగ్ సరిగా లేక మైకు ముట్టుకుంటే షాక్. 1978 సెప్టెంబరులో ఈజిప్టు పిరమిడ్ల దగ్గర: పియానో శ్రుతి లేదు, క్రూట్స్‌మన్ చెయ్యి విరిగి ఒంటిచేత్తో వాయించాడు. చంద్రగ్రహణం ఫొటోలకి బాగుంటుంది.

మిశ్రచాపు:
ఈజిప్టులో నూబియన్ గాయకుడు హమ్జా ఎల్ దిన్ చప్పట్ల పాట నుంచి ఫైర్‌లోకి వెళ్లే ముక్క మాత్రం వదలకండి. చప్పట్ల లెక్క వేస్తూ కూర్చుంటే చాలు.

స్లైడుసీసా:
గార్సియా గిటార్ 'క్వాక్' మంటూ మాట్లాడే శబ్దం అడుగుతుంటారు. మ్యూట్రాన్ 3 ఎన్వలప్ ఫిల్టర్ (మీటిన బలాన్ని బట్టి తెరుచుకునే పెడల్), ఎస్టిమేటెడ్ ప్రాఫెట్‌లో బాగా తెలుస్తుంది. పెడల్ కొనుక్కుని వాయిస్తే అలా రాదు, ఎందుకంటే గిటార్ వాల్యూమ్ తగ్గించగానే ఫిల్టర్ తెరుచుకోదు. ఆయన గిటార్‌లో పికప్ సిగ్నల్ ముందు బఫర్ (సిగ్నల్ నీరసించకుండా చూసే చిన్న సర్క్యూట్) దాటి పెడల్స్‌కి పోయి, తిరిగి గిటార్‌లోకి వచ్చాక వాల్యూమ్ గుబ్బ దాటేది. పెడల్‌కి ఎప్పుడూ ఒకే బలం. అంత పని వద్దనుకుంటే గిటార్ వాల్యూమ్ పూర్తిగా పెట్టి, పెడల్స్ తర్వాత ఒక వాల్యూమ్ పెడల్ పెట్టండి. సగం పైగా దగ్గరికొస్తుంది. ఆంప్ శుభ్రంగా ఉండాలి: ట్విన్ రివర్బ్ ప్రీఆంప్, పవర్‌కి మెకింటాష్, జేబీఎల్ 12 అంగుళాల స్పీకర్లు. పగిలే శబ్దం వేస్తే ఫిల్టర్ గొంతు నొక్కుకుపోతుంది.

కొత్తచెవి:
ఫిష్ ఎవరూ రాయలేదు.

సెట్‌లిస్టు_శాస్త్రి:
రెండు చాలు. 11/17/97 డెన్వర్: ఆ ఏడాది వాళ్లు సోలోల పోటీ మానేసి నలుగురూ కలిసి ఫంక్ ఊగు మీద కూర్చోవడం మొదలెట్టారు, అధికారిక విడుదల ఉంది. రెండోది 12/31/99, ఫ్లోరిడా బిగ్ సైప్రస్: అర్ధరాత్రి దగ్గర మొదలెట్టి సూర్యోదయం దాకా ఒకటే సెట్, ఏడు గంటల పైన. ఫిష్ అభిమానుల భాషలో, జామ్‌లో పాట కార్డుల్లోనే ఉండి వాయిస్తే టైప్ 1 అంటారు, పాట వదిలి పోతే టైప్ 2. దీని మీద కొట్టుకోవడానికి విడి దారాలున్నాయి, ఇక్కడొద్దు.

కొత్తచెవి:
వెనీటా దించి ముక్కలుగా ఫోన్‌లో వేశా, డార్క్ స్టార్‌కీ ఎల్ పాసోకీ మధ్య టిక్కుమని ఆగుతోంది.

టేపులమారి:
ఎంపీ3గా మార్చి ఉంటావు. ఎంపీ3 ప్రతి ఫైలు ముందూ వెనకా కొంచెం నిశ్శబ్దం కలుపుతుంది. ఫ్లాక్‌గానే (నాణ్యత పోని ఫైలు రకం) ఉంచి, గ్యాప్‌లెస్ (పాటల మధ్య ఆగకుండా వినిపించే సదుపాయం) ఉన్న ప్లేయర్‌లో వేయి. సీడీ రాయాలంటే ట్రాక్ కోత 588 శాంపిళ్ల గుణిజం దగ్గరే పడాలి, 44.1 కిలోహెర్ట్జ్‌లో అది సెకనులో 75వ వంతు. అక్కడ పడకపోతే మిగిలిన చోటు సున్నాలతో నింపి ఇదే టిక్కు. ఈ రెండు పాటలకి మాత్రం కోత వద్దు, ఒకే ఫైలుగా కలిపేయి.